తల తిరగడం లేదు

నలభై మీటర్ల ఎత్తున
కాళ్ల కింద గాజు పలక, గాజు కింద షెల్ట్ నది రేవు.
ఇరవై రెండేళ్లు మెడ వంచి కిందకే చూశాను.
ఎవరికీ వంగని మెడ నాదని మా అమ్మ అనేది,
కంటెయినర్లకు వంగింది.

గాలి వీస్తే క్యాబిన్ ఊగేది.
కప్పులో కాఫీ ఊగేది.
నేను ఊగేవాణ్ణి కాదు.
నాలుగు కొక్కేల్నీ నాలుగు కన్నాల్లోకి
ఒక్క దెబ్బకు దించేవాణ్ణి,
గుడ్డు మీద గుడ్డు పెట్టినట్టు.

ఇప్పుడు ఇంట్లో, నేల మీద,
మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే
స్నానాల గది ఎడమకు జారిపోతుంది.
పోయిన గురువారం తువ్వాలు కొక్కేన్ని పట్టుకున్నాను.
అది గోడలోంచి ఊడి
నాతోనే వచ్చింది.

పొద్దున్న ఆరింటికి రేవు గేటు దగ్గర
ఖేర్ట్ నా నోటి దగ్గర ముక్కు పెట్టాడు.
పద్దెనిమిదేళ్ల స్నేహితుడు.
"ఊదు," అన్నాడు.
ఊదాను. గొట్టంలో సున్నా.
"మరి ఆ నడకేంట్రా వానెస్?" అన్నాడు
నాకంటే ఎక్కువ సిగ్గుపడుతూ.

చెవుల డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు.
కళ్ల డాక్టరు అద్దాలు మార్చాడు.
మెడ సంగతి నేనే ఎత్తలేదు.
మెడ నొప్పి కూడా ఒక జబ్బా?
మా రేవులో అది యూనిఫాం లాంటిది,
చేరిన ఏడాదే ఇస్తారు.

చివరికి నురాయ్ అనే అమ్మాయి
(తాత లింబుర్గ్ బొగ్గు గనుల్లో పనిచేశాడట)
చెప్పులు విప్పించి ఒక పలక మీద నిలబెట్టింది.
"ఏం చెయ్యొద్దు. ఊరికే నిలబడండి."
ఊరికే నిలబడటం ఇంత పని అని
అప్పుడే తెలిసింది.
తెర మీద నా బరువు ఒక దారమై తిరుగుతోంది.
కళ్లు తెరిస్తే చిన్న ముడి,
మూస్తే
పిల్లి ఆడేసిన ఊలు ఉండ.

తర్వాత నా నుదుటికి పట్టీ, పట్టీకి ఒక ఎర్ర దీపం.
ఎదుట గోడ మీద వలయాలు.
"చుక్కని నడిమధ్య పెట్టండి. కళ్లు మూసుకోండి.
తల కుడికి తిప్పి, మళ్లీ మొదటికి రండి."
వచ్చాను. సరిగ్గా వచ్చానని
ఒట్టేసి చెప్పేవాణ్ణే.
కళ్లు తెరిస్తే చుక్క బెత్తెడు అవతల,
వలయాలన్నీ దాటి, ఒక పాత మేకు కన్నం పక్కన.
పదిసార్లు చేయించింది.
పదిసార్లూ పక్కింటి తలుపే తట్టాను.

"తల ఎటు ఉందో ఒళ్లంతటికీ మెడే కబురు చెప్తుంది.
మీ మెడ తప్పు కబుర్లు చెప్తోంది," అంది.
"చెవి ఒకటంటుంది, కన్ను ఒకటంటుంది,
మధ్యలో ఇదొకటి.
పాపం పాదాలు ఎవరి మాట వినాలి?"

అంతే కదా.
తల తిరగడం లేదు.
అందుకే తల తిరుగుతోంది.

ఇక రోజూ సాయంత్రం వంటగదిలో
నుదుటి మీద దీపంతో నేను.
గోడెలీవ్ గోడ మీద పెన్సిలుతో సున్నా చుట్టి
"అద్దె ఇల్లు, గుర్తుంచుకో," అంది.
మా పిల్లి మొసెల్ ఆ చుక్క కోసం కాచుకుని ఉంటుంది.
నేను కళ్లు మూసుకోగానే దూకుతుంది.
దాని గోళ్లు గోడని గీరే చప్పుడుని బట్టి
ఎంత తప్పానో చూడకుండానే చెప్పగలను.
మొదటి వారం ఫ్రిజ్ పక్కన.
మూడో వారం క్యాలెండరు అంచున.
నిన్న
మళ్లీ ఫ్రిజ్ పక్కనే.

ఏడాది పిల్లలవి తప్పటడుగులంటే
చప్పట్లు కొడతారు.
యాభై మూడేళ్లవాడివైతే
గొట్టం ఊదమంటారు.

ఈ పొద్దున స్నానాల గదిలో
సబ్బు మొహంతో, కళ్లు మూసుకుని
లెక్కపెట్టాను. ఆరు. తొమ్మిది.
గది ఎడమకు వెళ్లాలా వద్దా అని ఆలోచించింది.
కొత్త కొక్కెం చేతికందే దూరంలో ఉంది,
ముట్టుకోలేదు.
పదకొండు.

పన్నెండుకి ముట్టుకున్నాను.